చెంబెడు నీళ్లతో వారం రోజులు

పదేళ్ల కిందట మొదటిసారి హిమాలయాల్లో నడవడానికి వెళ్లాను. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో సాంక్రీ అనే ఊరి నుంచి హర్ కీ దూన్ లోయకు నడక. రానూపోనూ ఏడు రోజులు. లోయ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. పొద్దున్నే స్నానం చేయనిదే కాఫీ కూడా ముట్టని ఇంట్లో పుట్టినవాణ్ని. రెండో రోజు సాయంత్రం గుడారాలు వేయడం పూర్తవగానే సబ్బు, తువ్వాలు తీసుకుని వాగులోకి దిగాను. మంచు కరిగి వచ్చే నీళ్లు. కాళ్లు పెట్టగానే కొయ్యబారిపోయాయి. అయినా పంతం కొద్దీ ఒళ్లంతా సబ్బు రుద్దుకున్నాను. నురగ తెల్లగా కిందికి పోతోంది.

కాస్త దిగువన, మా సామాను మోసే కంచరగాడిదల్ని తోలుకొచ్చినాయన కెటిల్‌లో నీళ్లు పట్టుకుంటున్నాడు. తలెత్తి నా వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. పట్టిన నీళ్లు గట్టు మీద పారబోసి, కెటిల్ తీసుకుని, నన్ను దాటి ఎగువకు వెళ్లి మళ్లీ పట్టుకున్నాడు.

ఆ రాత్రంతా వణుకు తగ్గలేదు. మర్నాడు ఆరని సాక్సుల్తో నడిస్తే మడమల మీద బొబ్బలు లేచాయి. ఐదో రోజు కడుపు చెడింది. ఇంటికొచ్చాక తీరిగ్గా లెక్క చూసుకున్నాను. ఆ ఏడు రోజుల్లో స్నానం రెండుసార్లు చేశాను. తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నది మాత్రం ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. స్నానమైతే చేశాను గానీ శుభ్రంగా లేనన్నమాట.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి ఎంతోమంది సెలవులు పెట్టుకుని కొండల్లోకి, అడవుల్లోకి వెళ్తున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి పొడవాటి అడవి బాటలు పట్టి నడుస్తున్నారు. వెళ్లే ముందు బూట్ల గురించి, బ్యాగు గురించి నలుగురినీ అడుగుతారు. ‘వారం రోజులు స్నానం లేకుండా ఎలా?’ అన్న ప్రశ్న మాత్రం మనసులోనే పెట్టుకుంటారు. అడగడానికి మొహమాటపడాల్సిన విషయమేమీ కాదిది. ఒకటొకటిగా చూద్దాం.

జబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి?

అమెరికా తూర్పు వైపు కొండల మీదుగా, జార్జియా నుంచి మెయిన్ వరకు, అప్పలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట ఉంది. పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. 1997లో ఆ బాట మీద వారం రోజులకు తక్కువ కాకుండా నడిచినవాళ్ల ఆరోగ్యాన్ని కొందరు వైద్యులు గమనించి, ఆ వివరాలు 2003లో ప్రచురించారు. జవాబిచ్చిన 280 మందిలో 64 శాతానికి పాదాల్లో బొబ్బలు, 56 శాతానికి విరేచనాలు, 51 శాతానికి చర్మం ఒరుసుకుపోవడం, మండటం వంటి బాధలు. అన్నిటికంటే ఎక్కువమందిని పీడించినవి ఈ మూడే. టాయిలెట్‌కు వెళ్లొచ్చాక చేతులు కడుక్కునేవాళ్లకు, వంట గిన్నెలు శుభ్రంగా పెట్టుకునేవాళ్లకు విరేచనాలు తక్కువగా వచ్చాయని కూడా అందులో తేలింది.

అంటే అడవిలో మనల్ని పడేసేవి పాదాలు, కడుపు, ఒంటి మడతలు. వీపు మీద దుమ్ముంటే జబ్బు రాదు. జుట్టు జిడ్డుగా ఉంటే రాదు. చేతులు మురికిగా ఉంటే వస్తుంది. వేళ్ల సందులు తడిగా ఉంటే వస్తుంది. తొడల మధ్య చెమట రోజుల తరబడి అలాగే ఉంటే వస్తుంది. ఉన్న కాసిని నీళ్లు, ఉన్న కాస్త ఓపిక ముందు వీటికి పెట్టాలి. మిగిలితేనే మిగతా ఒళ్లు.

చెమట కంపు ఎందుకు కొడుతుంది?

అప్పుడే పట్టిన చెమటకు వాసన దాదాపు ఉండదు. ఒంటి నిండా ఉండే చెమట గ్రంథుల నుంచి వచ్చేది నీళ్లు, ఉప్పు. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథుల నుంచి కొవ్వు, ప్రొటీను కలిసిన చెమట వస్తుంది. చర్మం మీద కాపురముండే బ్యాక్టీరియా దాన్ని తిని విడగొడితే పుట్టేదే కంపు. అందుకే చంకలూ గజ్జలూ రోజుకోసారి తుడుచుకుంటే చాలావరకు వాసన పోతుంది. డియోడరెంట్ కొట్టుకుంటే పాత వాసన మీద కొత్త వాసన చేరుతుందంతే. ఎలుగుబంట్లు తిరిగే చోట అది ప్రమాదం కూడా. అమెరికాలోని యోసెమిటీ అడవుల్లో రాత్రి బస చేసేవాళ్లు తిండితో పాటు టూత్‌పేస్టు, సబ్బు, డియోడరెంట్ కూడా ఎలుగు తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి తీరాలి.

బట్టల సంగతీ ఇదే. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది కానీ వాసనను వదలదు. పలుచటి ఉన్ని బనియన్లు నాలుగు రోజులు తొడుక్కున్నా అంతగా వాసన రావు. మనకు అలవాటైన నూలు బట్ట మైదానంలో హాయి. చలికొండల్లో మాత్రం అది చెమటను పీల్చుకుని ఆరకుండా ఒంటిని చల్లబరుస్తుంది. వేడిని లాగేసే విషయంలో నీళ్లు గాలి కంటే సుమారు 25 రెట్లు చురుకు. మంచునీళ్లలో స్నానం చేసి రాత్రంతా నేను వణకడానికీ, తడి బనియనుతో పడుకున్నవాడు వణకడానికీ కారణం ఒకటే.

ముందు చేతులు

సబ్బుతో చేతులు కడగాల్సిన వేళలు రెండున్నాయి, మరిచిపోకూడనివి. టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, తిండి ముట్టుకునే ముందు. ఇరవై సెకన్లు రుద్దాలి. నీళ్లు చాలవనే భయం అక్కర్లేదు. ఒక చిన్న ప్లాస్టిక్ సీసా మూతకు పిన్నీసుతో నాలుగు చిల్లులు పొడవండి. సీసా నొక్కితే సన్నని ధార వస్తుంది. టీ కప్పుడు నీళ్లతో రెండు చేతులూ శుభ్రంగా కడుక్కోవచ్చు. గోళ్లు బయల్దేరే ముందే పొట్టిగా కత్తిరించుకోవాలి. చేతులు కడిగినా గోళ్ల కింది మట్టి కదలదు.

‘శానిటైజర్ ఉందిగా’ అంటారు చాలామంది. ఆల్కహాలు కనీసం 60 శాతం ఉన్న శానిటైజర్ చాలా క్రిముల మీద పనిచేస్తుంది. కానీ చేతికి మట్టో, నూనె జిడ్డో ఉంటే సరిగా పనిచేయదు. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్ దానికి అంత తేలిగ్గా లొంగదు. నీళ్లలో ఉండే క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి అసలే లొంగదు. కాబట్టి టాయిలెట్ తర్వాత సబ్బు తప్పదు. దారి మధ్యలో ఏదైనా నోట్లో వేసుకునేటప్పటికి శానిటైజర్ సరిపోతుంది.

గుంపుగా వెళ్లినప్పుడు పల్లీల పొట్లమో, జంతికల డబ్బానో చేతులు మారుతూ ఉంటుంది. ఒక్కొక్కరూ చెయ్యి లోపల పెట్టి తీసుకుంటే ఒకరి కడుపునొప్పి సాయంత్రానికి పదిమందిది అవుతుంది. పొట్లం వంచి అరచేతిలో పోసుకోండి. ఎంగిలి పట్టింపు మనకు పాతదే. ఇలాంటి చోట అది అక్షరాలా పనికొస్తుంది.

తాగే నీళ్లు, పళ్లు తోముకునే నీళ్లు తెర్లేలా ఒక నిమిషం కాగాలి. 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలు. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. 3,500 మీటర్ల దగ్గర 88 డిగ్రీలకే తెర్లుతాయి. క్లోరిన్ బిళ్లలు అక్కరకొస్తాయి కానీ, పైన చెప్పిన క్రిప్టోస్పోరీడియం వాటికి కూడా చావదు. కాచుకునే వీలున్నప్పుడు కాచుకోవడమే మేలు.

చెంబెడు నీళ్ల స్నానం

అరకొరగా చేసే స్నానాన్ని మనవాళ్లు కాకిస్నానం అని చిన్నచూపు చూస్తారు. కొండల్లో శ్రద్ధగా చేసుకునే చెంబు స్నానానికి ఆ పేరు తగదు. ఎలా చేయాలో వివరంగా చెబుతాను.

లీటరు పట్టే చెంబో, గిన్నో చాలు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. వంటవాళ్లను ముందే అడిగి, వంట పూర్తయ్యాక గ్యాసు పొయ్యి మీద కాసేపే కాచుకోండి. ఆ గ్యాసు ఎవరో ఒకరు వీపు మీద మోసుకొచ్చిందే. గుడారం జిప్పు వేసుకుని, చాప మీద కూర్చోండి. రెండు చిన్న గుడ్డలు వేర్వేరు రంగుల్లో ఉండాలి. ఒకటి నడుము పైకి, ఒకటి నడుము కిందికి. ఒళ్లు ఆర్చుకోవడానికి ఒక పలుచటి తువ్వాలు.

మొదట సబ్బు లేకుండా ముఖం, చెవుల వెనక, మెడ తుడుచుకోండి. తర్వాత ఛాతీ, చేతులు, అందినంత వీపు. అప్పుడు చిన్న గ్లాసులో కాసిని నీళ్లు విడిగా తీసి, అందులో సబ్బు ఒక్క చుక్క కలపండి. దానితో చంకలు, ఆ తర్వాత రెండో గుడ్డతో గజ్జలు, తొడల సందులు, పిరుదులు తుడవండి. మళ్లీ ఉత్త నీళ్లతో తడిపిన గుడ్డతో సబ్బు పోయేలా తుడవండి. సబ్బు చర్మం మీద మిగిలిపోతే మర్నాడు నడకలో అదే మండిస్తుంది. ఒక భాగం తుడిచాక దాన్ని తువ్వాలుతో అద్ది ఆర్చి, బట్ట కప్పుకుని తర్వాతి భాగానికి వెళ్లండి. ఒళ్లంతా ఒకేసారి తడపకూడదు. చివరికి మిగిలిన నీళ్లు పాదాలకు. పది నిమిషాల పని. శుభ్రమైన చోట మొదలుపెట్టి మురికి చోట ముగించడం ఇందులోని కీలకం.

విశ్రాంతి రోజున ఎండ బాగా కాస్తుంటే, మధ్యాహ్నం పూట బిందెడు నీళ్లు ఒడ్డుకు దూరంగా తీసుకెళ్లి నిజమైన స్నానమే చేయొచ్చు. ఎండ వాలాక మాత్రం తల తడపొద్దు.

తడి టిష్యూలు తేలిగ్గా ఉంటాయని చాలామంది కట్టలుగా తెస్తారు. వాటిలో చాలావాటికి ప్లాస్టిక్ పోగులుంటాయి. పూడ్చినా కుళ్లవు, కాలిస్తే పొగ. తెచ్చినవాళ్లే వాటిని తిరిగి ఇంటికి మోసుకెళ్లాలి. ఉతికి వాడుకునే గుడ్డముక్క వాటికంటే ఎంతో నయం.

పాదాలకు రోజూ ఒక గంట

బొబ్బ రావడానికి మూడు కలవాలి. రాపిడి, వేడి, తడి. రాపిడీ వేడీ నడకలో ఎలాగూ ఉంటాయి. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే. తడిలో నానిన చర్మం మెత్తబడి సులువుగా ఊడివస్తుంది. వరినాట్ల రోజుల్లో బురదలో నిలబడే ఆడవాళ్ల కాలివేళ్ల సందులు తెల్లబడి చిట్లడం మన పల్లెల్లో అందరూ చూసిందే. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునే ఆచారం వెనక కారణం ఇదేనని పెద్దలు చెబుతారు. బూటు లోపల వారం రోజులు చెమటలో నానే పాదం పరిస్థితి కూడా అదే.

సాక్సులు మూడు జతలు. ఒకటి కాలికి, ఒకటి ఆరడానికి, ఒకటి పడుకునేటప్పుడు తొడుక్కోవడానికి. మూడోది ఎంత కష్టమొచ్చినా బూట్లో పెట్టకూడదు. నూలు సాక్సులు వద్దు. ఉన్నివి గానీ, సింథటిక్‌వి గానీ మేలు. తడిసిన జతను నడిచేటప్పుడు బ్యాగు వెనక పిన్నీసులతో తగిలించుకుంటే ఎండకు ఆరుతుంది. మధ్యాహ్నం ఆగిన చోట బూట్లు విప్పి, పాదాలకు పావుగంట గాలి తగలనివ్వండి.

నడుస్తుండగా మడమ దగ్గరో, బొటనవేలి పక్కనో చురుక్కుమంటే అప్పుడే ఆగాలి. ‘క్యాంపు చేరాక చూద్దాంలే’ అనుకున్నవాళ్లకే బొబ్బలు. ఆ చోట మందుల షాపులో దొరికే అంటించే టేపు ముడతలు లేకుండా వేస్తే అక్కడితో ఆగిపోతుంది. రాత్రి పాదాలు తుడిచాక టార్చి వెలుగులో వేళ్ల సందులన్నీ విప్పి చూసుకోండి. సందులు పొడిగా ఆరాక మడమలకు కాస్త నూనె రాయండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల లోపు గడ్డ కడుతుంది. చలికొండల్లో సీసాలోంచి రాదు. వెడల్పు మూత ఉన్న చిన్న డబ్బాలో తెచ్చుకుంటే వేలితో గీరి రాసుకోవచ్చు.

కాలి గోళ్లు బయల్దేరడానికి మూడు నాలుగు రోజుల ముందు, మూలలు లోపలికి పోకుండా తిన్నగా కత్తిరించుకోవాలి. పొడవుగా వదిలేస్తే దిగేటప్పుడు బూటు ముందు భాగానికి కొట్టుకుని నల్లబడతాయి.

తొడలు ఒరుసుకుపోయేవాళ్లు పొద్దున బయల్దేరే ముందే అక్కడ వాసలిన్ రాసుకోవాలి. మండటం మొదలయ్యాక రాస్తే ఉపశమనమే గానీ నివారణ కాదు. గజ్జల్లో గుండ్రటి ఎర్రమచ్చ లేచి దురద పెడితే అది తామర కావచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దురద ఒకటి రెండు రోజులు తగ్గినట్టుండి, తామర లోలోపల పెరుగుతుంది. ఫంగస్‌కు మాత్రమే పనిచేసే క్రీము ఏదో డాక్టరును ముందే అడిగి బ్యాగులో వేసుకోండి.

మడి బట్టలు

మా నాయనమ్మకు దండెం మీద ఆరిన మడి చీర ఒకటి ఎప్పుడూ వేరుగా ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కొండల్లో నేను ఆ నియమాన్ని పూర్తిగా పాటిస్తాను. పడుకునేటప్పుడు తొడుక్కునే జత ఒకటి విడిగా, నీళ్లు చొరని సంచిలో ఉంటుంది. పగటి చెమట, వంట పొగ, మట్టి దానికి తగలకూడదు. ఒళ్లు తుడుచుకున్నాక అదే తొడుక్కుని స్లీపింగ్ బ్యాగులో దూరతాను. బ్యాగు లోపల శుభ్రంగా ఉంటుంది, చర్మానికి రాత్రంతా విశ్రాంతి దొరుకుతుంది, చలి కూడా తక్కువ వేస్తుంది. పొద్దున మళ్లీ పాత చెమట బట్టలే తొడుక్కోవాలి. మొదటి ఐదు నిమిషాలే ఇబ్బంది.

లోపలి బట్టలు మూడు జతలుంటే వారం గడుస్తుంది. ఉతకడానికి గట్టి ప్లాస్టిక్ సంచిలో బట్టలు, నీళ్లు, నాలుగు చుక్కల సబ్బు వేసి మూతి బిగించి ఐదు నిమిషాలు కుదపండి. ఆ నీళ్లు వాగుకు దూరంగా పారబోసి, ఉత్త నీళ్లతో ఇంకోసారి కుదిపి, పిండి ఎండలో వేయండి.

జుట్టు, గడ్డం, పళ్లు

జుట్టు వారం రోజులు కడగకపోతే ఏ జబ్బూ రాదు. చిక్కు పడకుండా చూసుకుంటే చాలు. పొడుగు జుట్టున్నవాళ్లు పొద్దున్నే దువ్వి రెండు జడలు అల్లుకుని, పైన గుడ్డ కట్టుకుంటే దుమ్ము, చిక్కు రెండూ తగ్గుతాయి. మగవాళ్లు గడ్డం గీసుకోకపోవడమే మంచిది. చల్లటి నీళ్లతో గీసుకుంటే పడే చిన్న గాట్లు చెమటకు, మట్టికి మానవు. పెదాలకు ఎండ తగలకుండా రాసుకునే బామ్ తప్పకుండా ఉండాలి. పగిలిన పెదాలు తిండిని కూడా కష్టం చేస్తాయి.

పళ్లకు శనగగింజంత పేస్టు చాలు. ఉమ్మేది ఒకేచోట పడకుండా, వాగుకూ గుడారాలకూ దూరంగా చిమ్మండి. వేపపుల్ల అలవాటున్నవాళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. రక్షిత అడవిలో కొమ్మ విరవడం నేరం.

ఆడవాళ్ల కోసం నాలుగు మాటలు

నాతో నడిచిన చెల్లెళ్లు, స్నేహితురాళ్లు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. అందరూ ముందుగా చెప్పింది నీళ్ల గురించి. రాత్రి చలిలో బయటికి వెళ్లాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. అది మూత్రంలో మంటకు దారి తీస్తుంది. ఎత్తైన చోట తలనొప్పిని ఇంకా పెంచుతుంది. భయమైతే తోడు లేపండి. నీళ్లు మాత్రం తాగండి. శుభ్రం చేసుకునేటప్పుడు చెయ్యి ముందు నుంచి వెనక్కే వెళ్లాలి.

ఎత్తు, శ్రమ, ప్రయాణం వల్ల నెలసరి తేదీలు ముందూ వెనకా అవుతాయి. తేదీ కాకపోయినా సరంజామా దగ్గరుండాలి. మెన్స్ట్రువల్ కప్పు వాడేవాళ్లకు మోత తక్కువ, చెత్త లేదు. కాకపోతే దానికి చేతులు సబ్బుతో కడగడం, కాచిన నీళ్లు తప్పనిసరి. కొత్తగా వాడదలచుకున్నవాళ్లు ఇంటి దగ్గర రెండు మూడు నెలలు అలవాటు చేసుకున్నాకే కొండకు తేవాలి. ప్యాడ్లు వాడితే కాగితంలో చుట్టి, బయటికి కనపడని జిప్పు సంచిలో, చెంచాడు పొడి టీపొడి వేసి పెట్టుకుంటే వాసన తగ్గుతుంది. అవి పూడ్చకూడదు. జంతువులు తవ్వి లాగుతాయి. ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే తీసుకెళ్లాలి. జట్టు నడిపించేవాళ్లు మొదటి రోజే ఈ మాటలు అందరి ముందూ మామూలుగా చెబితే, ఏ ఆడపిల్లా ఇబ్బంది పడుతూ అడగాల్సిన అవసరం రాదు.

చెంబు పట్టుకుని వెళ్లేటప్పుడు

క్యాంపులో గుంట తవ్విన టాయిలెట్ గుడారం ఉంటే అదే వాడాలి. ప్రతిసారీ పైన మట్టి వేయాలి. లేకపోతే వాగుకు, దారికి, గుడారాలకు డెబ్భై పెద్ద అంగల దూరం వెళ్లి, జానెడు లోతు, బెత్తెడు పైచిలుకు వెడల్పు గుంట తవ్వండి. మట్టి పైపొరల్లోనే మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఎక్కువ. మరీ లోతుగా తవ్వినా, పైపైన వదిలేసినా పని జరగదు. అయ్యాక తవ్విన మట్టితోనే పూడ్చాలి.

నీళ్లతో కడుక్కునే మన అలవాటు ఇక్కడ మేలే చేస్తుంది. అడవి నిండా కాగితాలు మిగలవు. చెంబెడు నీళ్లు చాలు. ఆ వెంటనే సబ్బుతో చేతులు కడగడం మరిచిపోతే మాత్రం ఈ అలవాటే కడుపు మీదికి వస్తుంది.

మంచులో, రాళ్లలో పూడ్చిందేదీ కుళ్లదు. ఎవరెస్టు దారిలో దశాబ్దాలుగా పేరుకుపోయిన మలం అక్కడి ఊళ్ల నీటికే ఎసరు పెట్టింది. దాంతో 2024 నుంచి శిఖరం ఎక్కేవాళ్లు తమ మలాన్ని సంచుల్లో వెనక్కి తేవాలని అక్కడి స్థానిక పాలకమండలి నియమం పెట్టింది.

సబ్బు వెళ్లేది ఎక్కడికి?

‘నాది మట్టిలో కలిసిపోయే సబ్బు’ అని కొందరు ధైర్యంగా వాగులో దిగుతారు. ఆ మాటలోనే జవాబు ఉంది. అది కలిసిపోవాల్సింది మట్టిలో. మట్టిలోని సూక్ష్మజీవులే దాన్ని విడగొట్టాలి. నీళ్లలో పడితే అది చాలాదూరం అలాగే వెళ్తుంది. కుంకుడుకాయ, చీకాయ అయితే ఫరవాలేదనుకోవడం కూడా పొరపాటే. కుంకుడు నురగకు కారణమైన సపోనిన్లు చేపల మొప్పలకు విషం. అనేకచోట్ల జనం చేపలు పట్టడానికి కుంకుడు పిప్పి నీళ్లలో కలిపేవారు. సబ్బు వేసుకోకపోయినా, ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్, దోమల క్రీము మునకతో పాటు నీళ్లలోకే పోతాయి. అందుకే ఏది వాడినా నీళ్లు ముంచుకుని ఒడ్డుకు డెబ్భై అంగల దూరం వెళ్లాలి. వాడిన నీళ్లు ఒక్కచోట కాకుండా నేల మీద చిమ్మాలి.

నేను సబ్బు రుద్దుకున్న నీళ్లు సుపిన్ నదివి. అది నైట్వాడ్ దగ్గర రూపిన్‌తో కలిసి టోన్స్ అవుతుంది. టోన్స్ వెళ్లి యమునలో కలుస్తుంది. మధ్యలో ఎన్ని ఊళ్లు, ఎన్ని గొర్రెల మందలు, ఎన్ని పొలాలు! ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో అక్కడి ఎత్తైన పచ్చిక మైదానాల్లో, అంటే బుగ్యాల్‌లలో, రాత్రి బసను నిషేధించింది. జనం వదిలేసిన చెత్తకూ తొక్కిడికీ ఆ పచ్చిక తట్టుకోలేకపోవడమే కారణం. మనం సరిగా ఉండకపోతే దారులు మూసేయక తప్పదు.

మన నల్లమలలో

అడవిలో నడిచి అడవిలో పడుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. శివరాత్రికి ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి వేలాదిమంది నడిచి వెళ్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలోకి దిగుతారు. అక్కడ చలి బాధ లేదు, ఎండ బాధ. ఉప్పు పేరుకునే చెమట, ఒరుసుకునే తొడలు, చెప్పుల్లో కాలే పాదాలు. నీళ్లున్న చోట్లు కొన్నే. వేలమందికి అవే నీళ్లు. పులులకు, జింకలకు, చెంచు గూడేలకు కూడా అవే. గుండంలో భక్తితో మునగండి. షాంపూ ప్యాకెట్టు చింపకుండా మునగండి. స్వామికి కావలసింది మునకే.

మన అడవుల్లోనూ, హిమాలయాల పొదల్లోనూ మరొకటుంది. కంటికి ఆనని పురుగులు కుట్టి తెచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం. సాయంత్రం ఒళ్లు తుడుచుకునే వేళే దీనికి కాపలా. చంకలు, నడుము పట్టీ కింద, గజ్జలు, మోకాళ్ల వెనక చేత్తో తడిమి చూసుకోండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఒకటి కనిపించవచ్చు. నొప్పి ఉండకపోవచ్చు. కుట్టిన తర్వాత సుమారు పది రోజులకు జ్వరం మొదలవుతుంది. అప్పటికి మనం ఇంట్లో, ఆఫీసులో ఉంటాం. అడవి సంగతి మరిచిపోతాం. తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే, డాక్టరు అడగకపోయినా ‘అడవిలో పడుకున్నాను’ అని చెప్పండి. త్వరగా పసిగడితే మామూలు యాంటీబయాటిక్‌తోనే తగ్గిపోతుంది. ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది.

మళ్లీ అదే లోయలో

నిరుడు మళ్లీ హర్ కీ దూన్ వెళ్లాను. అమ్మ ఇచ్చిన లీటరు చెంబు బ్యాగు పక్కన కట్టుకుని వెళ్లాను. ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా వాగులో దిగలేదు. రోజూ సాయంత్రం చెంబెడు నీళ్లు, రెండు గుడ్డలు, మడి బట్టలు. బొబ్బ లేవలేదు. కడుపు చెడలేదు. సాంక్రీ చేరాక వేడినీళ్ల బకెట్టు ముందు కూర్చుంటే ఒంటి మీద వారం రోజుల ఎండ రంగు ఉంది గానీ, ఎక్కడా మంట లేదు.

ఆ నడకలో నాలుగో రోజు సాయంత్రం, ఒడ్డుకు దూరంగా ఒక బండ వెనక కూర్చుని పాదాలు తుడుచుకుంటున్నాను. దిగువన వాగు దగ్గర కంచరగాడిదలు నీళ్లు తాగుతున్నాయి. వాటిని తోలుకొచ్చిన కుర్రాడు కెటిల్ ముంచాడు. నా వైపు చూసి చెయ్యి ఊపాడు. నిండిన కెటిల్‌ను అలాగే తీసుకెళ్లి పొయ్యి మీద పెట్టాడు.